అన్నిటికీ ఒకే అట్ట

యూనస్ నలభయ్యో పుస్తకానికి ఖాకీ అట్ట వేసి, అంచును గోటితో గీసి, బల్ల మీద బోర్లా పెట్టి దాని మీద కాసేపు కూర్చున్నాడు. అట్ట అణగడానికి అంతకంటే మంచి యంత్రం పెనుకొండలోని ఆ బడిలో లేదు. ముప్పై ఒక్క ఏళ్లుగా ఆయన అక్కడ అటెండరు. లైబ్రేరియన్ పోస్టు ఎప్పుడూ ఖాళీయే కాబట్టి గ్రంథాలయం తాళాలూ ఆయన దగ్గరే. పొట్టి మనిషి, చొక్కా జేబులో రెండు పెన్నులు, రెండూ రాయవు. ఈ సాయంత్రంతో రిటైరు.

పుస్తకాలు ఆయనే హిందూపురం వెళ్లి ఎంచి తెచ్చాడు. ఒక పాత సముద్రపు నవలను బొమ్మల కథగా మార్చి మూడు రకాలుగా అచ్చువేశారు. ఒకటో నంబరులో అన్నీ బొమ్మలే, మాటలు పిడికెడు. రెండోదానిలో సగం సగం. మూడోదాని నిండా మాటలే. చదవలేని వాళ్లకు ఒకటి, బాగా చదివేవాళ్లకు మూడు. ఆలోచన బాగానే ఉంది గానీ, ఆ నంబరును పైన అరచేయంత అచ్చువేసిన మహానుభావుడు ఎన్నడూ తొమ్మిదో తరగతిలో కూర్చున్నట్టు లేదు.

యూనస్ దిగులంతా రోజా గురించే. కబడ్డీ జట్టు కెప్టెను. ఆ పిల్ల ఎదురొస్తే డ్రిల్లు మాస్టారే పక్కకు జరుగుతాడు. చదవడం మాత్రం సరిగ్గా రాదు. పుస్తకం తెరుచుకుని, పక్కపిల్ల పేజీ తిప్పినప్పుడల్లా తనూ తిప్పుతుంది. ఆ సంగతి యూనస్ ఒక్కడికే తెలుసు. అందరి ముందూ ఒకటో నంబరు చేతిలో పెడితే మళ్లీ గ్రంథాలయం గడప తొక్కదు. రేపటినుంచి కనిపెట్టుకోవడానికి తనుండడు. అందుకే నంబర్లు కనబడకుండా అన్నిటికీ ఒకే అట్ట.

గంట మోగింది. యూనస్ లేచి చూస్తే నలభై పుస్తకాలూ ఒకే పొడవున, ఒకే లావున, ఒకే దొంతరగా ఉన్నాయి. ఏది ఏ నంబరో ఆయనకే తెలియదు.

"ఏమప్పా యూనస్, పంచేదా?" తెలుగు మాస్టారు నారాయణస్వామి పిల్లలతో వచ్చేశాడు.

"రెండు నిమిషాలు సార్, తెరిచి చూసుకోవల్ల..."

"నీ సన్మానం ఉండాది, టైమ్ యాడిది?" అంటూ మాస్టారు పైనుంచి వరసగా పంచేశాడు.

క్లాసు ఫస్టు హరీష్‌కు ఒకటో నంబరు పడింది, రోజాకు మూడోది. రోజా పక్కకు చూసింది. పక్కపిల్లది వేరే నంబరు, బొమ్మ చూస్తూ పేజీ తిప్పడమే మరిచిపోయింది. రోజా కూడా తిప్పలేక ఎర్రబడిపోయింది.

అప్పుడు హరీష్ పకపకా నవ్వాడు. ఓడ కెప్టెను టోపీని కోతి ఎత్తుకుపోయే బొమ్మ. తరగతంతా అతని మీద పడింది.

"నాకూ బొమ్మలదే కావల్ల సార్!"

"నా దాంట్లో ఊరికే రాసినారు సార్!"

కొట్లాట మొదలైంది. అది రోజాకు ఎవరూ నేర్పనక్కర్లేదు. రెండు బెంచీలు దాటి హరీష్ పుస్తకం లాక్కుని, తనది వాడి ఒళ్లో పడేసి, కిటికీ కింద చతికిలబడింది. మాస్టారు కేకలేయబోతే యూనస్ అడ్డం వచ్చాడు.

"పోనీ సార్, పిల్లోళ్లు."

సాయంత్రం శాలువా కప్పారు, ప్రసంగాలు చేశారు. యూనస్‌కు ఒక్క ముక్కా చెవినపడలేదు. ఇంటికి పోయే ధర్మవరం బస్సుకు ముందు గ్రంథాలయం తాళం వేయబోతే, రోజా ఇంకా కిటికీ కిందే ఉంది. అక్షరాల కింద వేలు పెట్టుకుని, పెదాలు కదుపుతూ చదువుతోంది. పక్కన ఎవరూ లేరు.

"తాతా, ఇది ఒకటో నంబరని లోపల రాసినారు. అయిపోయింది. రెండు యాడుండాది?"

యూనస్‌కు ఏడుపొచ్చినంత పనైంది. పిల్లలు తిరిగిచ్చిన దొంతరలో వెతికి ఇచ్చాడు.

"మూడోది ఎవురినడగాల?"

"సారునడుగు. గట్టిగా అడుగు."

రోజా ఒకటోది బల్ల మీద పెట్టి, రెండోది చంకలో పెట్టుకుని పరుగెత్తింది. యూనస్ తాళాలు మాస్టారి చేతికిచ్చి బస్సెక్కాడు. లోపల బల్ల మీద ఒకటో నంబరు పుస్తకం చివరి పేజీలో, చదివినచోటికి గుర్తుగా రోజా పెట్టుకున్న ఎర్ర జడరిబ్బను ఉండిపోయింది.