వరహాలమ్మ దువ్వెన

తెలీబంధా చెరువు వెనక తెలుగువాళ్ల వృద్ధాశ్రమంలో ఆయాలు ఆరుగురు. అయిదుగురు జీతానికి చేసేవారు, వరహాలమ్మ ఒక్కతే ప్రీతికి చేసేది. తిల్దా రైసుమిల్లులో పదేళ్లు చేట పట్టిన ఆ చేతులకి ముసలితలలు దువ్వడం పండగలా ఉండేది. ఆ చేతులే ఆమెకి చేటు తెచ్చాయి.

డాక్టరు ఆశ వదిలేసిన ప్రతి మనిషినీ మేట్రన్ పార్వతమ్మ ఆమెకే అప్పగించేది. "నీ హాత్ నరమ్ గదా వరహాలూ, దూదిలా. పోయేవాళ్లని సుఖంగా పోనీ."

వార్డులో ఎవరికీ ఏ సంగతీ చెప్పరు. చెప్పక్కర్లేదు. వరహాలమ్మ నూనెసీసా, చెక్కదువ్వెనా పట్టుకుని ఏ మంచం దగ్గర ఆగితే ఆ మంచం వారంలో ఖాళీ. ఆయా వస్తే ఆయువు పోతుందని ఎనభై మూడు వేసవినాటికి ముసలాళ్లందరికీ కంఠతా వచ్చేసింది. ఆమె నడిచొస్తుంటే కళ్లు మూసుకునేవారు.

మూసుకోనివాడు కొండలరావు ఒక్కడే. రిటైరైన రైలు గార్డు. "గార్డుగా దిగి వార్డులో ఎక్కేనే వరాలూ! పచ్చజెండా ఎవులూపుతారో మరి," అని నవ్వించేవాడు. ఆ ఉద్యోగంలో ఆమెకి మిగిలిన తృప్తల్లా రోజుకి ఆ ఒక్క నవ్వే.

ఆ సోమవారం పొద్దున్న పార్వతమ్మ చెప్పింది. "ఏడో నెంబరు మంచం. ఎక్స్‌రే వచ్చింది. బస్, పది రోజులు."

ఏడో నెంబరు కొండలరావుది.

"నన్నొగ్గేయండమ్మా. నాను దువ్వెన అట్టుకెల్తే ఆ బాబుకి తెలిసిపోద్ది."

"కోటమ్మని పంపితే జుట్టు కాదు, తోలే ఊడొస్తుంది. జా, జల్దీ!"

గుమ్మంలో ఆగి దువ్వెనకేసి చూసింది. అంతలో ఉపాయం తట్టింది. అందరికీ దువ్వేస్తే? పదిమందిలో కొండలరావూ ఒకడు, అంతే.

ఒకటో మంచం దానయ్యది. భన్‌పురి లారీ ఆఫీసులో గుమాస్తాగిరీ చేసిన గుండురాయి. రోజూ ఆరు ఇడ్లీలు లాగించేవాడు. మాడు మీద నూనెచుక్క పడగానే బిగుసుకుపోయాడు.

"ఒలే, మంచం తప్పేవే! డాక్టరేటన్నాడు?"

"ఏటీ అన్లేదు బాబూ. ఇయ్యాల అందరికీ దువ్వుతన్నాను."

"అందరికీనా?"

ఆ మాట పది మంచాల మీదుగా పాకింది. ఎవరూ కదల్లేదు. ఆమె తల తరవాత తల దువ్వుకుంటూ ఏడో మంచం చేరింది.

"అందర్నీ ఒకే బండెక్కించేస్తన్నావేటే?" అని నవ్వాడు కొండలరావు. అతనికేమీ తెలియలేదు. వరహాలమ్మ గుండె కుదుటపడింది.

మధ్యాహ్నం దానయ్య కంచం ముట్టలేదు. మర్నాడూ ముట్టలేదు. "నిజం చెప్పే తల్లీ," అని చెయ్యి పట్టుకున్నాడు. ఏమీ లేదని ఆమె ఒట్టేసింది. పోయినవాళ్లందరికీ ఆమె వేసిన ఒట్టూ అదే. శుక్రవారానికి మంచినీళ్లు మానేశాడు, సెలైన్ సూది పీకేశాడు. ఆదివారం ఒకటో మంచం మీద దుప్పటి మార్చారు.

పార్వతమ్మ ఆమె భుజం తట్టింది. "డాక్టర్‌సాబ్‌కే అందలేదు, నీకెలా తెలిసిందే? ఇకమీద ఎవరికి దువ్వాలో నువ్వే చెప్పు."

సోమవారం కంచాలు తియ్యడానికి వెళితే ఎనిమిది కంచాలు నిండుగా ఉన్నాయి. మే నెల వడగాడ్పులో ఎనిమిది తలలు దుప్పట్ల కిందికి దూరి ఉన్నాయి.

కొండలరావు ఒక్కడే కంచం ఊడ్చిపెట్టి, పాపిడి సవరించుకున్నాడు.

"పప్పు బాగుందే వరాలూ. మరి ఇయ్యాల ఎవులికి?"