చూరులో వెంట్రుకల ఉండ

నేను ఒక కొమ్ము దువ్వెనను. మొదట గేదె నెత్తిన ఉన్నాను, తర్వాత మనుషుల నెత్తికెక్కాను. కొమ్మును కాచి, చదును చేసి, రంపంతో పళ్ళు కోసిన ముసలాయన దగ్గర నన్ను తిరునాళ్ళలో పేరిందేవమ్మ కొన్నది. ఆమె రెండు కాన్పులూ చూశాను. కడుపుతో ఉన్నప్పుడు ఆమె జడ ఎంత ఒత్తుగా ఉండేదంటే, నా పన్ను విరిగిందే గానీ వెంట్రుక ఊడేది కాదు. ఆ సంగతి ఆమె మరిచిపోయింది. మనుషులకు తమ తలే గుర్తుండదు.

ఇప్పుడు ఆమె కోడలు నాగలతకు ఐదో నెల. దువ్వితే గుప్పెడు ఊడుతోంది. దాన్ని వేలికి చుట్టి ఉండ చేసి చూరులో దోపుతోంది.

"బిడ్డకు జుట్టు పడుతోందే, అందుకే నీది రాలుతోంది," అని మురిసిపోయింది అత్త. మిట్టమధ్యాహ్నం దుప్పటి కప్పుకుని మగతగా పడుకునే కోడలిని చూసి, "మహారాణి లేచిందా?" అనేది కూడా. చెబుదామంటే నాకు పళ్ళే గానీ నోరు లేదు.

వెంట్రుకలకు స్టీలు సామాన్లిచ్చే మంగతాయి ఒకరోజు వచ్చింది. చూరులో ఉండలన్నీ చేతిలోకి తీసుకుని, "ఈసారి పెద్ద గిన్నే వస్తుంది పిన్నీ," అన్నది.

"మా కోడలివిలే. కడుపుతో ఉంది. జుట్టంతా బిడ్డకు పోతోంది."

"కడుపుతోనా? నువ్వు కడుపుతో ఉంటే, ఈ బేరానికే వచ్చే మా అమ్మ మీ చూరంతా తడిమి తిట్టుకునేది. ఈవిడ మళ్ళీ ఉత్త చేతులతో పంపింది అని."

గిన్నె అందుకోబోయిన పేరిందేవమ్మ చెయ్యి ఆగింది. ఉండలు వెనక్కి లాక్కుని కొంగున కట్టుకుంది. "లతా, చీర మార్చుకో. ఆస్పత్రికి పోదాం."

రక్తపరీక్షలో థైరాయిడ్ తక్కువని తేలింది. పట్టించుకోకపోతే బిడ్డకూ ముప్పేనని డాక్టరమ్మ మందలించి మాత్రలు రాసింది. ఇక తెల్లవారితే అత్త మొదటి మాట, "మాత్ర మింగావా?" కొన్నాళ్ళకు నాగలత దుప్పటి వదిలింది. తర్వాత నాకు చిక్కే వెంట్రుకలూ తగ్గాయి.

ఆడపిల్ల పుట్టింది, ఆరోగ్యంగా. నాలుగో నెలలో తల్లికి మళ్ళీ గుప్పెళ్ళు ఊడాయి. నాగలత బెంబేలెత్తింది.

"కాన్పయ్యాక రాలుతుందిలే, నాకూ రాలింది. కడుపుతో ఉన్నప్పుడు ఊడకుండా ఆగిందంతా ఇప్పుడు ఊడుతుంది, మళ్ళీ వస్తుంది. అయినా పరీక్ష చేయించుకొద్దాం పద," అన్నది అత్త. పరీక్షలో అంతా సరిగ్గానే ఉంది.

ఆ ఉండలకు మంగతాయి ఉగ్గుగిన్నె ఇచ్చింది. ఇస్తూ ఉయ్యాలలోకి తొంగిచూసింది. పిల్ల నెత్తి నున్నగా, బోర్లించిన గిన్నెలా ఉంది.

"జుట్టంతా బిడ్డకు పోయిందన్నావు, ఏదీ పిన్నీ?"

"నోరు మూసుకుని మూత కూడా ఇవ్వు," అన్నది పేరిందేవమ్మ.

నాకు రెండు పళ్ళు పోయాయి. అయినా గట్టిగానే ఉన్నాను. ఆ గుండు మీద జడ పడేదాకా ఎక్కడికీ పోను.