బెదిరిన చేను

క్షిపణి వదిలే రోజున ఎర్రగట్టు ఊళ్లో పొయ్యి వెలిగించరు. తెల్లారేసరికి మైకు బండి వస్తుంది, దాని వెనకే బస్సులు. అందరూ ఎక్కి పక్కూరి బడికి పోతారు. అక్కడ చిత్రాన్నం పొట్లాలు పంచుతారు. తింటుండగా ఎర్రగట్టు పక్కనున్న ప్రయోగ కేంద్రం కంచె అవతలి నుంచి క్షిపణి లేస్తుంది. ఆకాశం చినిగినట్టు మోత. పిల్లలు చప్పట్లు కొడతారు. సాయంత్రం ఊరు చేరాక ఎవరి చేనును వాళ్లు వెతుక్కోవడానికి బయల్దేరతారు.

ఆ మోతకు చేలు బెదురుతాయి. బోర్లున్న చేలకు ఆ పైపులే గూటాలు, అవి కదలవు. వాననే నమ్ముకున్న మెట్టచేలు మాత్రం గట్లతో సహా లేచి కొంత దూరం పరిగెత్తి నిలబడతాయి. గట్టు మీద కూర్చుని, మట్టిని చేత్తో దువ్వి, నెమ్మదిగా మాట్లాడితే వెనక్కి వస్తాయి.

"ఏమప్పా రామలింగప్పా, నీ చేను మా కళ్లంలో పండుకోనుండాది. దానికి పలుపు కట్టరాదా?" అని పుల్లయ్య ఎగతాళి చేసేవాడు.

"కంచె పక్కన నీ చేనుంటే తెలిసుండేది" అనేవాడు రామలింగప్ప.

ఈ ఏడు వాన శానా ఆలస్యమైంది. చివరికి ఒక్కటే పడింది. ఆ పదునులోనే సజ్జలు వేసెయ్యాలి, ఆరిపోతే ఏడాది పోయినట్టే. మర్నాడే మైకు బండి వచ్చింది.

"ఈ ఒక్కపూట ఆపండి సార్. విత్తుకొని మేమే వస్తాం" అన్నాడు రామలింగప్ప.

బండి దిగిన కుర్ర ఆఫీసరు చేతులు జోడించాడు. "తాతా, ఆపడం నా చేతిలో లేదు."

అతను మంచివాడు. తిట్టడానికి కూడా వీల్లేకపోయింది.

రామలింగప్ప పెళ్లాం ఉరుకుందమ్మ మొగుణ్ణి బస్సెక్కించింది. "నువ్వు పో, పక్కింటి గిడ్డమ్మతో ఎనక బస్సులో వస్తా" అంది. వెనక బస్సులోంచి గిడ్డమ్మ ఒక్కతే దిగింది.

"మీ వదిన యాడ?" అన్నాడు రామలింగప్ప.

"గట్టు చాటున దాంకోనిందన్నా. ఒడి నిండా ఇత్తనాలు పోసుకొనింది."

రామలింగప్ప బడి గేటు వైపు ఉరికాడు. పోలీసులు పట్టుకున్నారు. ఆఫీసరు ఫోను చేస్తుండగానే మోత లేచింది. పిల్లలు చప్పట్లు కొట్టారు. నిప్పు తోక సగం దూరం ఎక్కి, వంకర తిరిగి, కిందికి దిగింది. చేను వైపు పొగ లేచింది.

పోలీసులు వదిలాక పోయి చూస్తే చేనున్న చోట ఉత్త బండ. నడుమ గుంత, కాలిన ఇనుము. ఎర్రమట్టి పిసరు లేదు. గట్టు రాళ్లు లేవు. తూర్పుకు మాత్రం మట్టి రాలిన జాడ ఉంది.

"ఆయమ్మను ఎత్తుకోని పరిగెత్తిందప్పా నీ చేను" అన్నాడు పుల్లయ్య. ఈసారి నవ్వలేదు.

రామలింగప్ప ఆ జాడ పట్టుకుని కడప దాకా నడిచాడు. అక్కడ వాన దాన్ని చెరిపేసింది. తిరిగొస్తే ఆఫీసరు నష్టం రాసుకోవడానికి ఎదురుచూస్తున్నాడు.

"చేను ఎక్కడుంది తాతా?"

"నేనూ అదే అడుగుతాండా సార్."

సజ్జలు కోతకొచ్చే వేళకు, పత్తికొండ నుంచి మద్రాసుకు టమేటా తోలే ఏసేపు లారీ ఆపుకుని ఒక మూట ఇచ్చాడు. చీర చెరగు ముక్కలో కట్టిన సజ్జ కంకులు.

"రాజంపేట కాడ రోడ్డు పక్కన చేను పచ్చగా ఉండాది పెద్దాయనా. గట్టు మీదుండే ఆయమ్మ నిన్ను అడిగినానని చెప్పమనింది. ఈడ మోగినప్పుడల్లా అది ఉలిక్కిపడి ముందుకే పోతాందంట."

"ఆమెను దిగి రమ్మనలేదా నువ్వు?"

"రమ్మన్నా. 'నేను దిగితే ఇది ఇంగెవరికీ దొరకదు నాయనా' అనింది."

"రాజంపేట తర్వాత ఏముండాది?"

"కొండలు. కొండలు దాటితే సముద్రం."

వీధి మలుపులో మైకు బండి గొంతు సవరించుకుంది. రేపు పొద్దున అందరూ బస్సు దగ్గరికి రావాలట.

రామలింగప్ప అరుగు మీద కూర్చుని కంకుల్ని ఒళ్లో పెట్టుకున్నాడు. వాటిని చేత్తో దువ్వుతూ, నెమ్మదిగా మాట్లాడడం మొదలుపెట్టాడు.