పాపంలో వాటా

నా కళ్ళతో చూశాను తమ్ముళ్ళూ. ఆయుధాల తనిఖీ అని పిరేయస్ రేవు జనాన్నంతా ఏథెన్స్ సంతమైదానానికి పిలిచారు. ఈటెలు, డాళ్ళు అక్కడే కుప్పపోసి తిని రమ్మన్నారు. తిరిగొచ్చేసరికి స్పార్టా సిపాయిలు వాటిని కోటమీదికి మోసుకుపోతున్నారు. వట్టి చేతులతో నిలబడ్డాం.

యుద్ధంలో ఓడాక స్పార్టా మా నెత్తిన కూర్చోబెట్టిన ముప్ఫైమంది పెద్దింటివాళ్ళ రాజ్యం అది. మొదట డబ్బుకోసం జనం మీద దొంగ కేసులు పెట్టే చాడీకోరుల్ని చంపారు. పీడ విరగడైందని మేమే మెచ్చుకున్నాం. తరవాత సభలో నోరున్నవాళ్ళని చంపారు. ఆ తరవాత ఆస్తి ఉన్న పరదేశుల మీద పడ్డారు.

ఒక ఉదయం మా ఓడల షెడ్డుకు ఆజ్ఞ వచ్చింది. దీపాలు చేసే సోసియస్‌ను మేమే పట్టి తేవాలట. సిరక్యూజ్ నుంచి వచ్చి ఏళ్ళ తరబడి మా మధ్యే బతుకుతున్న మనిషి. నేరమేమిటో చెప్పలేదు.

షెడ్డులో వాదన రేగింది. ఎలాగూ పోయే ప్రాణమే, మన చేతుల మీద పోతేనేం అన్నాడు తాళ్ళు పేనే ఫానియస్. అతనికి నలుగురు పిల్లలు. ఎవరూ తిట్టలేకపోయారు.

తెడ్లు వేసి ముసలివాడైన మికోన్ లేచాడు.

"ఒరే ఫానియస్, సిపాయిలు కరువై మనల్ని పంపుతున్నారా? ఇవాళ నువ్వు సోసియస్‌ని ఈడ్చుకెళ్తే, రేపు వాళ్ళ రాజ్యం పోవాలని కోరుకోగలవా? వాళ్ళు పోతే నీ మెడకీ ఉరే. కొద్దిమంది రాజ్యమంటే ఇదేరా. చేసిన పాపంలో మనకింత వాటా పెట్టి, మనచేతే కాపలా కాయించుకుంటారు."

ఫానియస్ లేచాడు. తనే వెళ్ళి సోసియస్‌ను పొరుగు రాజ్యం మెగారాకు పోయే పడవ ఎక్కించి వచ్చాడు.

సిపాయిలు వచ్చి, వద్దన్నదెవరని అడిగారు. మేం నోరు విప్పేలోపే మికోన్ ముందుకొచ్చాడు. అతన్ని పట్టుకుపోయి, విచారణ లేకుండా విషం తాగించి, మర్నాడు శవాన్ని మా ముందు పడేశారు. శవం వెంట గుంపు కూడితే ఊరుకునేది లేదన్నారు.

రేవంతా కదిలింది. తెడ్డువాళ్ళు, చేపలమ్మే ఆడవాళ్ళు, బానిసలు, పరదేశులు. దారిలో గుర్రం అడ్డంపెట్టి ఒక అధికారి పాడె దించమన్నాడు. ముందు కొమ్ము మోస్తున్నది ఫానియస్.

"దించనయ్యా," అన్నాడతను. "నన్ను పట్టుకోవాలంటే వీళ్ళలో ఎవరికైనా చెప్పి చూడు."

అధికారి మా మొహాల్లోకి చూశాడు. ఎవరికీ చెప్పలేదు. సైన్యం కోసం నగరం వైపు గుర్రాన్ని తిప్పాడు.

మికోన్‌ను మట్టి చేశాక ఎవరూ ఇంటిదారి పట్టలేదు. ఉత్తరాన ఫైలే కొండ కోటలో తిరగబడ్డవాళ్ళు చేరుతున్నారని విని ఉన్నాం. నలుగురు పిల్లల్నీ వెంటేసుకుని ఫానియస్ అటు నడిచాడు. వెనక మేమంతా.