కొడుకుకు పూచీ

నా కొడుకు సాకియుసా పెళ్ళాం దవడ విరగ్గొట్టిన తొమ్మిదో రోజున మా ఆయన ఎరోని, తంబువా పట్టుకుని వియ్యంకుడి ఊరు వెళ్ళాడు. తప్పు ఒప్పుకుని క్షమాపణ అడిగేటప్పుడు ఇచ్చే తిమింగలం పన్ను అది. మా మామగారి కాలం నుంచి పెట్టెలో ఉండి, కొబ్బరినూనె పట్టి పట్టి తేనెరంగుకు వచ్చింది. మా వాళ్ళు నలుగురు మగవాళ్ళు గడప దగ్గరే తలలు వంచుకుని కూర్చుని, మావాడు తప్పు చేశాడు, ఆ తప్పును ఇక్కడే పూడ్చేయండి అని వేడుకున్నారు. మా కోడలు ఉనైసి తండ్రి అమినియాసి తన అన్నదమ్ముల వైపు చూశాడట. తరువాత రెండు చేతులూ చాచి తంబువా అందుకున్నాడు. రాజీ కుదిరినట్టు అందరూ చేతులు చరిచారు. యంగోనా వేరు పొడి నీళ్ళలో కలిపి తాగారు.

ఉనైసిని మాత్రం ఎవరూ ఏమీ అడగలేదు.

తంబువా అందుకున్నాక కోడలు అత్తింటికి తిరిగి రావాలి. అది మా పద్ధతి. మూడోనాడు తండ్రే పడవలో తెచ్చి దింపాడు. ఆసుపత్రిలో ఆమె పళ్ళను తీగతో బిగించి కట్టారు. చేమాకును కొబ్బరిపాలలో ఉడికించి, గుడ్డలో వడకట్టి ఇస్తే గొట్టంతో పీల్చి తాగేది. మాట పళ్ళ సందుల్లోంచి వచ్చేది.

"ఎప్పుడొస్తాడు అత్తమ్మా?" అంది మొదటి రోజే.

"జైలు నుంచి శుక్రవారం కోర్టుకు తెస్తారు. బెయిలు అడుగుతారు."

ఆమె గిన్నె కింద పెట్టింది. "ఈసారి దవడతో ఆగడు. నీకు తెలుసు."

నాకు తెలుసు. వంటింట్లో ఆ రోజు నేనే అడ్డం వెళ్ళాను. చెరకు కత్తి పిడితో కొట్టాడు. రెండో దెబ్బకు కత్తి అంచు ఆమె వైపు వచ్చేలా తిప్పి పట్టుకుంటుంటే చూశాను. అది పోలీసులకు చెప్పలేదు. వాళ్ళు అడగలేదు, నేను చెప్పలేదు.

ఆ మధ్యాహ్నం మా మరిది ఇసిరెలి వచ్చి చాప మీద చతికిలబడ్డాడు. "ఏంటి వదినా ఆ మొహం? పూడ్చేసిన శవాన్ని పోలీసులు తవ్వుతారా? నువ్వు పూచీ సంతకం పెట్టు, వాడు ఆదివారానికి చర్చి కోరస్‌లో పాడతాడు. వాడు లేక మగ గొంతులన్నీ కప్పల్లా ఉన్నాయి."

మా ఆయన నవ్వాడు. నాకు నవ్వు రాలేదు.

గురువారం పట్నం వెళ్ళి, సర్కారు మావాడికి ఇచ్చిన లాయరమ్మను కలిశాం. షరీన్ ఆమె పేరు, నా కూతురి వయసు ఉంటుంది. మా ఆయన తంబువా సంగతంతా చెప్పి, "ఇక కేసు మూసేయండమ్మా" అన్నాడు.

"పెద్దాయనా, మీరు పూడ్చింది రెండిళ్ళ మధ్య పగ" అందామె. "కేసును పూడ్చడం మీ చేతిలోనూ లేదు, ఆ అమ్మాయి చేతిలోనూ లేదు. భార్యను కొట్టిన కేసులో రాజీ ఒప్పుకోరు. మామూలు దెబ్బలైతే అయిదేళ్ళ లోపు. ఇక్కడ ఎముక విరిగింది. పదిహేనేళ్ళ దాకా పడవచ్చు. శిక్ష వేసేటప్పుడు మీ క్షమాపణ సంగతి చెబుతాను, అంతే."

"మరి బెయిలు?"

"వేరే కేసుల్లో బెయిలు ఇవ్వకపోవడానికి కారణం కావాలి. ఇందులో ఇవ్వడానికి కారణం కావాలి. ఆమెకు దూరంగా ఉండే ఇల్లు చూపాలి. పూచీ ఉన్నవాళ్ళు వాణ్ణి ఆమె దగ్గరికి పోనివ్వమని ప్రమాణం చేయాలి. మీ ఇంటి చిరునామా రాశాను. ఆమె పుట్టింట్లోనే ఉంది కదా?"

మా ఆయన నా మోచేతిని పట్టుకున్నాడు. "ఆ, అక్కడే" అన్నాడు.

బయటికి వచ్చాక, "అబద్ధం ఎందుకు చెప్పావు?" అన్నాను.

"ఒక్క మాట మకెలెసీ. కొడుకు కోసం ఒక్క మాట. వాడికి ఉబ్బసం. జైల్లో ఒక్క గదిలో ఇరవై మందిని కుక్కారు. రాత్రుళ్ళు ఊపిరాడక గోడకి ఆనుకుని కూర్చుంటున్నాడట. చచ్చిపోతే?"

అబద్ధాన్ని నిజం చేద్దామనుకున్నాను. బస్సు దిగి ఇంటికి పోకుండా పడవ మాట్లాడుకుని అమినియాసి ఊరు వెళ్ళాను. ఆయన వల బాగుచేసుకుంటున్నాడు.

"అన్నయ్యా, నీ కూతుర్ని కొన్నాళ్ళు నీ దగ్గర ఉంచుకో. కేసు తేలేదాకా."

ఆయన చేతులు ఆగిపోయాయి. "మీరే కదమ్మా తంబువా తెచ్చారు? తీసుకున్న చేతులతో పిల్లను వెనక్కి తెచ్చుకుంటే నన్ను ఏమంటారు? మాట తప్పాడంటారు. తరువాత మా ఇంట్లో ఏ పెళ్ళి జరిగినా, ఏ చావు జరిగినా ఎవరొస్తారు?"

"పిల్ల భయపడుతోంది అన్నయ్యా."

"నాకు మాత్రం లేదా?" అన్నాడు. కళ్ళు తుడుచుకోవడానికి కూడా ఆయన చేతులు వల వదలలేదు. "ఆ రోజు తీసుకోకుండా ఉండాల్సింది. మా అన్నదమ్ములందరూ చుట్టూ కూర్చున్నారు. ఎట్లా కాదంటాను?"

క్షమించమని ప్రభువు చెప్పాడు, నిజమే. కానీ దెబ్బ తిన్నవాళ్ళ తరఫున వేరేవాళ్ళు క్షమించవచ్చని ఎక్కడ చెప్పాడో, పడవలో తిరిగి వస్తూ ఎంత వెతికినా నాకు గుర్తుకు రాలేదు. నాకు చదువు తక్కువ. ఎక్కడైనా ఉందేమో.

శుక్రవారం పొద్దున కోర్టులో సాకియుసా నన్ను చూసి చేయి ఊపాడు. బుగ్గలు పీక్కుపోయాయి. ఊపిరి పీలుస్తుంటే భుజాలు లేస్తున్నాయి. నన్ను బోను ఎక్కించి బైబిలు చేతికిచ్చారు. ముప్పై ఏళ్ళుగా ఆదివారం బడిలో పిల్లలకు నేర్పించిన పుస్తకం అది. అంత బరువని అప్పుడే తెలిసింది.

మేజిస్ట్రేటు కళ్ళద్దాలు సర్దుకుని అడిగాడు. "అమ్మా, నీ కొడుకు నీ ఇంట్లో ఉంటాడు. అతను భార్య దగ్గరికి వెళ్తే వెంటనే పోలీసులకు చెబుతావా?"

"చెబుతానయ్యా."

"ఆమె ఇప్పుడు ఎక్కడ ఉంటోంది?"

మా ఆయన రెండో వరసలో కూర్చుని పెదవులు కదుపుతున్నాడు. పుట్టింట్లో, పుట్టింట్లో అని. నా కొడుకు నావైపే చూస్తున్నాడు. బైబిలును రెండో చేతికి మార్చుకున్నాను.

"అమ్మా?"

"మా ఇంట్లోనే అయ్యా. వాడు వస్తే పడుకునే గదికి అవతలి గదిలో."

లాయరమ్మ చేతిలో కాగితాలు జారి కింద పడ్డాయి. మేజిస్ట్రేటు కలం పక్కన పెట్టాడు. "ఇతన్ని ఉంచడానికి వేరే ఇల్లేదైనా ఉందా? బంధువులున్నారా?"

నేను వెనక్కి తిరిగాను. ఇసిరెలికి మూడు గదుల ఇల్లుంది. అతను చెప్పుల వైపు చూస్తున్నాడు. పక్కన సాకియుసా పినతండ్రులు ఇద్దరు, మేనమామ ఒకడు. తంబువా ముందు తల వంచిన వాళ్ళే అందరూ. ఒక్కరూ తల ఎత్తలేదు.

"లేదయ్యా" అన్నాను. ఇంకో మాట కూడా చెప్పాలని బోను కొయ్య పట్టుకున్నాను. "ఆ రోజు వాడు కత్తిని తిప్పి పట్టుకున్నాడు. నేను చూశాను."

బెయిలు ఇవ్వలేదు. వచ్చే నెల పద్నాలుగుకు వాయిదా. జైలు డాక్టరు వాడి ఉబ్బసం చూడాలని రాశారు. పోలీసులు లాక్కుపోతుంటే వాడు అరవలేదు. "నన్ను కన్నది నువ్వేనా అమ్మా?" అన్నాడంతే, మామూలు గొంతుతో.

బస్సులో మా ఆయన ముందు సీట్లో కూర్చున్నాడు. ఊళ్ళో దిగాక నాతో నడవకుండా ఇసిరెలితో వెళ్ళిపోయాడు. ఇసిరెలి వినపడేట్టే అన్నాడు, "తల్లి నోరే తాళం వేసింది, ఇంక పోలీసుల్ని అనేదేముంది?"

ఉనైసి గుమ్మంలో నిలబడి ఉంది. నా వెనక ఎవరైనా వస్తున్నారేమోనని దారి చివరిదాకా చూసింది.

"రాడు" అన్నాను. "పద్నాలుగు దాకా రాడు."

"ఆ తరువాత?"

"తెలియదమ్మా. వాళ్ళు అడిగితే నేను మళ్ళీ ఇదే చెబుతాను."

ఆమెకు ఏడవడానికి కూడా నోరు తెరుచుకోలేదు. తీగ వెనక నుంచి ఒక సన్నని మూలుగు వచ్చింది. చాప మీదికి వెళ్ళి గోడవైపు తిరిగి పడుకుంది. కాసేపటికి ఊపిరి నెమ్మదించింది. మా ఇంటికి తిరిగి వచ్చాక పగటిపూట ఆమె నిద్రపోవడం అదే మొదలు.

పెరట్లో తీగ మీద సాకియుసా చొక్కాలు రెండు ఆరుతున్నాయి. వాడు వస్తే వేసుకుంటాడని తెల్లవారగానే నేనే ఉతికి ఆరేశాను. వాన మబ్బు కొండ దిగి వస్తోంది. లేచి తీయాలి అనుకున్నాను. చినుకులు మొదలయ్యాయి. చూస్తూ కూర్చున్నాను.