అన్నయ్య బ్రాకెట్లు

అంకెల్ని వరసలుగా పేర్చి, అటూ ఇటూ బ్రాకెట్లు పెడితే అది మాత్రిక. బ్రాకెట్లు గుండ్రంగా ఉన్నా, మూలలు తిరిగి పలకగా ఉన్నా లెక్క మారదు. మారదని తెలిసి కూడా నేనూ అన్నయ్యా ఇరవై ఏళ్లు పోట్లాడుకున్నాం. నావి గుండ్రటివి, వాటిని అన్నయ్య "పొట్ట బ్రాకెట్లు" అనేవాడు. తనవి పలక బ్రాకెట్లు, నేను "కిటికీ ఊచలు" అనేదాన్ని. కలిసి రాసిన లెక్కల పుస్తకంలో మొదటి సగం తనది, రెండో సగం నాది. ఎవరి సగంలో వాళ్ల బ్రాకెట్లే. ప్రూఫులు మాత్రం ఒకరివి ఒకరం దిద్దేవాళ్లం.

కిందటేడు అన్నయ్య చనిపోయాడు. ఇద్దరం పెళ్లి ఊసెత్తని వాళ్లం, ఇంట్లో ఇప్పుడు నేనొక్కదాన్నే. కొత్త ముద్రణలో అంతా ఒకే రకం ఉండాలని ప్రచురణకర్త పట్టుబట్టాడు.

ప్రెస్సుకి వెళ్తే, కంపోజింగ్ చేసే అమ్మాయి నన్ను చూడగానే నవ్వింది.

"మొత్తానికి మీరే నెగ్గారు మేడం! సార్ చాప్టర్లన్నీ గుండ్రంగా మార్చేశా."

తెర మీద అన్నయ్య వాక్యాల మధ్య నా బ్రాకెట్లు. మనసు చివుక్కుమంది.

"సార్‌వి వెనక్కి మార్చేయమ్మా. నావే పలకగా పెట్టు."

"గుండ్రటివే కావాలని ఇన్నేళ్లూ నా ప్రాణం తోడేశారు కదా!"

"అప్పుడు పోట్లాడ్డానికి మనిషున్నాడు."

సాయంత్రం భోజనాల బల్ల మీద నా సగం ప్రూఫులు పరిచాను. ఆఖరి అధ్యాయంలో ఒక మాత్రిక గుండ్రంగానే మిగిలిపోయింది. బొమ్మగా అతికించింది కాబట్టి కంప్యూటర్‌కి చిక్కలేదు. నా తప్పు దొరికితే అన్నయ్యకి మహా సంబరం. కాగితం ఊపుకుంటూ గుమ్మంలోకొచ్చి, "ఒసేయ్, పొట్టొకటి బయటపడింది!" అని ఇల్లెగిరిపోయేలా అరిచేవాడు.

ఎర్ర పెన్ను మూత తీసి మళ్లీ పెట్టేశాను. ఆ కాగితాన్ని బల్లకి అవతల, తను కూర్చునే వైపు తిప్పి పెట్టాను. గిన్నెలు కడిగాను. కిటికీలు మూసి లైటు వేశాను. పిచ్చిపనే, తెలుసు. కానీ ఎవరైనా నన్ను తప్పు పట్టాలని ప్రాణం కొట్టుకుపోయింది.

"అన్నయ్యా, తప్పుంది చూడు," అన్నాను పైకే.

ఏడుపొచ్చింది. కాసేపటికి వెళ్లి తన కుర్చీలో కూర్చుని, గుండ్రటి బ్రాకెట్లు కొట్టేసి, పక్కన పలకవి గీశాను.

నా తప్పు నేనే దిద్దుకోవడం అదే మొదటిసారి.