టీచరమ్మ కాలి కింద బ్రేకు

ఆ ప్రకటన మొదటిసారి టీవీలో వచ్చినప్పుడు టీచరమ్మ పాదం దానంతటదే నేలను గట్టిగా తొక్కింది. అందులో ఆవిడ తప్పేమీ లేదు. ఇరవై రెండేళ్ళుగా జనానికి కారు నడపడం నేర్పుతోంది. నేర్చుకునేవాళ్ళ పక్క సీట్లో, ఆవిడ కాలి కింద ఇంకో బ్రేకు ఉంటుంది. బండి కదులుతున్నంతసేపూ ఆ పాదం దాని మీద నుంచి లేచిన పాపాన పోలేదు. బస్సెక్కినా తొక్కుతుంది, సినిమాహాల్లో కూర్చున్నా తొక్కుతుంది. మొగుడు నడిపితే ఇక చెప్పనే అక్కర్లేదు. పోస్టాఫీసులో ముద్రలు వేసుకుంటూ తన మానాన తాను బతికే మనిషాయన. "నీ పక్కన బండి నడిపేకంటే నడిచిపోవడం నయమే తల్లీ!" అని స్టీరింగుకో దణ్ణం పెట్టేసి పద్దెనిమిదేళ్ళయింది.

ఇంతకీ ఆ ప్రకటన. ఏడంతస్తుల పార్కింగు భవనం. పైనుంచి కిందదాకా మెలికలు తిరిగిన ఇరుకు దారి. అందులో ఎర్రకారొకటి రివర్సులో, అదీ ఆగకుండా, గిరగిరా దిగిపోతుంది. బానెట్ మీద నిండా నీళ్ళున్న గాజుగ్లాసు. కారు కింద ఆగేసరికి చుక్క ఒలికితే ఒట్టు!

వారం రోజులు అందరికీ అదే గొడవ. "అంతా కంప్యూటరండీ. మన చెవిలో పువ్వులు పెడుతున్నారు" అని పై వాటా దర్జీ తేల్చేశాడు. టీచరమ్మదీ అదే మాట. "నిజంగా అలా నడిపినవాడంటూ ఉంటే వాడి లైసెన్సు చింపి వాడి చేతిలోనే పెడతాను" అంది, నలుగురూ వినేట్టు.

ఆ నలుగురిలో కూతురొకతి. పళ్ళ డాక్టరు దగ్గర పనిచేస్తుంది. దర్జీ వెళ్ళేదాకా ఆగి మెల్లగా నోరు విప్పింది.

"అమ్మా, ఒకబ్బాయి ఉన్నాడని చెప్పానే, పెళ్ళి చేసుకుందామనుకుంటున్నానని. ఆ కారు నడిపింది అతనే."

టీచరమ్మ రెండు వేళ్ళు చూపించింది. "అయితే నిజమన్నా అయ్యుండాలి, అబద్ధమన్నా అయ్యుండాలి. నిజమైతే తలతిక్కవాడు. అబద్ధమైతే కోతలరాయుడు. ఎటు చూసినా నీకొద్దే వాడు!" అంది.

కూతురు కోప్పడలేదు, ఏడవలేదు. "నువ్వు కాదంటే ఆగిపోతానమ్మా. నిన్ను కష్టపెట్టి చేసుకోను. కాకపోతే ఓసారి అతన్ని చూసి, అప్పుడు కాదను" అంది.

అదే టీచరమ్మను భయపెట్టింది. పోట్లాడితే పోట్లాడొచ్చు. ఇంత నెమ్మదిగా తన చేతిలో పెట్టేస్తే ఏం చెయ్యాలి? పిల్ల బతుకు తన ఒక్క మాట మీద ఉందని మూడు రోజులు సరిగ్గా తిండి తినలేదు.

ఆదివారం మధ్యాహ్నం కుర్రాడొచ్చాడు. బక్కపలచగా, కళ్ళద్దాలతో, బడిపంతులులా ఉన్నాడు. గుమ్మం దగ్గర చెప్పులు విప్పి, వాటి ముక్కులు వీధివైపు తిప్పి పెట్టాడు. "చూశావా, చెప్పులక్కూడా రివర్సు పార్కింగే!" అని మొగుడు టీచరమ్మ చెవిలో గుసగుసలాడాడు. ఆవిడ నవ్వలేదు.

"ఆ కారు నడిపింది నువ్వేనా?"

"నేనేనండీ. గ్లాసు మాత్రం దొంగది. అడుగున జిగురు పెట్టారు. లోపలున్నవి నీళ్ళు కూడా కావు, గట్టిపడ్డ పాకమేదో."

అడక్కుండానే చెప్పాడే అనుకుంది. పైకి మాత్రం గొంతు తగ్గించలేదు.

"ఏడంతస్తులు వెనక్కి దిగడానికి భయం వెయ్యలేదూ?"

"వేసిందండీ. అందుకే మొదటి రెండు రోజులు కారే ఎక్కలేదు. వెనక్కి నడుచుకుంటూ దిగాను. ఏ మలుపు ఎన్ని అడుగులో కాళ్ళకి తెలియాలి కదా. ఆ తర్వాత పది రోజులు మెల్లమెల్లగా నడిపి, అప్పుడు తీశాం."

"మాటలు బానే ఉన్నాయి. మాటలతో బండి నడవదు బాబూ. పద" అని తాళాలు చేతిలో పెట్టింది.

నెత్తిన డ్రైవింగ్ స్కూలు బోర్డున్న పాతకారు. కూతురు వెనక సీట్లో కూర్చుంది. కుర్రాడు సీటు సర్దుకున్నాడు, అద్దాలు ఒకటికి మూడుసార్లు తిప్పుకున్నాడు, వెనక్కి తిరిగి పిల్ల బెల్టు పెట్టుకుందో లేదో చూశాడు. అప్పుడు కదిలాడు. అబ్బ, ఏం కదలడం! సైకిలు మీద పోతున్న ముసలాయనొకడు దాటేసి పోయాడు. టీచరమ్మ పాదం బ్రేకు మీద బిగుసుకునే ఉంది. వీడా ఏడంతస్తులు దిగిందీ, నా తలకాయ! అబద్ధమే. పిల్లకెలా చెప్పడం?

కూరగాయల సందులోకి తిరిగారు. ఒకవైపు గోడ, ఇంకోవైపు వరసగా స్కూటర్లు. ఎదురుగా లారీ. దూరడానికి సందు లేదు. ఆవిడ దగ్గర నేర్చుకున్నవాళ్ళెవరైనా అయితే హారనన్నా కొట్టాలి, చెమటలన్నా కక్కాలి. ఇతను లారీ డ్రైవరుకు చెయ్యెత్తి చూపించాడు. సీటు వెనక చెయ్యేసి, మెడ తిప్పి, బండిని వెనక్కి తీశాడు. సందు మొత్తం, మధ్యలో వంపుతో సహా. గోడకీ అద్దానికీ మధ్య నాలుగు వేళ్ళ జాగా ఎక్కడా ఐదు కాలేదు, మూడు కాలేదు. పెద్దరోడ్డు మీదకొచ్చి పక్కన ఆపాడు. లారీ డ్రైవరు పోతూ పోతూ సలాం కొట్టాడు.

బండి మళ్ళీ కదిలాక టీచరమ్మే కబుర్లలో పడింది. ఒకావిడ కారు తీసుకెళ్ళి మంగలిషాపులో పెట్టిన సంగతి చెప్పింది, గడ్డం సగం గీయించుకున్నవాడు అలాగే పరిగెత్తడం చెప్పింది. కుర్రాడు రోడ్డు మీద నుంచి చూపు తిప్పకుండానే పగలబడి నవ్వాడు. ఊరు చుట్టి ఇంటికొచ్చేసరికి పొద్దు వాలింది.

ఆయన వాకిట్లోనే కాచుకుని ఉన్నాడు. "ఏమైందే? ఆ ప్రకటన నిజంగా తీసిందేనా?" అంటూ కారు తలుపు తీశాడు. తీసి, అక్కడే నిలబడిపోయాడు.

టీచరమ్మ దిగబోతూ చెప్పుల కోసం చూసుకుంది. చెప్పులు కిందే ఉన్నాయి. కాళ్ళే లేవు. రెండు కాళ్ళూ సీటు మీదకి మడుచుకుని, ఇంట్లో పీట మీద కూర్చున్నట్టు బాసింపట్టు వేసుకుని ఉంది.

"ఎప్పటినుంచే?" అని కూతుర్ని అడిగింది.

"సందులోంచి వెనక్కి వస్తున్నప్పటినుంచీ అమ్మా" అంది కూతురు. దాని కళ్ళల్లో నీళ్ళు తిరుగుతున్నాయి.

"పద్దెనిమిదేళ్ళ కింద ఒక్కసారి నా పక్కన అలా కూర్చునుంటే..." అని ఆయన మొదలుపెట్టాడు.

"మీరు ఊరుకోండి!" అని కసిరి, టీచరమ్మ కుర్రాడి వైపు తిరిగింది. "గ్లాసొక్కటే దొంగది బాబూ. లోపలికి రండి, ఇద్దరూ."